రాత్రంతా ఒక్కరే బండి మీద: హన్మకొండ నుంచి కాళేశ్వరం దాకా ఎట్లా పోవాలి

మొదటిసారి నేను కోపం మీద పోయాను. ఇంట్లో మాటామాటా పెరిగి, రాత్రి పదకొండింటికి, స్వెటర్ లేకుండా, జేబులో నూట ఇరవై రూపాయలతో. హసన్‌పర్తి దాటేసరికి కోపం సగం దిగింది. ఎల్కతుర్తి దాటేసరికి చలి పట్టుకుంది. హుజూరాబాద్ కాడ బండి రిజర్వులో పడింది. తెరిచి ఉన్న బంకు కోసం అటూ ఇటూ తిరిగి, దొరికాక వంద రూపాయల పెట్రోలు పోయించుకుని, మిగిలిన ఇరైలో చాయ్ తాగి ఇంటికొచ్చి పడుకున్నాను. మనసు తేలికపడింది లేదు, జలుబు మాత్రం మూడు రోజులుంది.

ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పోతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో అర్థమైంది ఒక్కటే. రాత్రి సడక్ మీద మనం తేల్చుకోవాల్సినవి ఏవీ మిగలకూడదు. ఎటు పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కునుకు తీయాలి, ఏం జరిగితే వెనక్కి మళ్లాలి, అన్నీ ఇంట్లో కూర్చున్నప్పుడే ఖరారు కావాలి. అప్పుడు కళ్లకు రోడ్డు, చేతులకు హ్యాండిల్ తప్ప వేరే పనుండదు. తలకాయలో రొద చేస్తున్న సంగతికి తిరగడానికి చోటు దొరకదు, అదే సద్దుమణుగుతుంది. అందుకే కొత్త దారి వద్దు, పగలు ఒక్కసారైనా పోయి చూసిన దారే కావాలి.

ముందు, పోవాలా వద్దా

గొడవ జరిగిన రాత్రే పోవద్దు. కనీసం ఒక్క రోజు ఆగండి. మర్నాటికి కూడా పోవాలనిపిస్తే అప్పుడు పోవచ్చు. మందు తాగితే ఆ రోజు బండి ముట్టొద్దు, "ఒక్క బీరే" అన్నా సరే. రెండు రాత్రులుగా నిద్ర లేకపోతే కూడా అంతే, ముందు పడుకోండి. సగం బాధలు ఆ నిద్రతోనే తీరతాయి, పెట్రోలు మిగులుతుంది.

ఇంకొకటి సూటిగా చెప్తాను. తిరిగి రావాలని లేకుండా బండి ఎక్కాలనిపిస్తుంటే అది రైడుకు పోయే రాత్రి కాదు. తాళం చెవి ఇంట్లో ఎవరి చేతిలోనైనా పెట్టి, 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వ ఉచిత సేవ, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఏ నెలలో

మన దిక్కు రోడ్ల మీద రాత్రిపూట అన్నిటికంటే పెద్ద గండం లారీ కాదు, వడ్లు. వానాకాలం కోతలప్పుడు అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో సగం రోడ్డు కల్లమే. రైతును తప్పుపట్టి లాభం లేదు, ఆరబోయడానికి ఆయనకు వేరే చోటు ఉంటే రోడ్డు మీదికి ఎందుకొస్తాడు. కానీ నల్లటి తారు మీద నల్లటి పరదా కప్పిన వడ్ల కుప్ప మన లైటుకు ముప్పై మీటర్ల దాకా వస్తే గానీ కనిపించదు. పరదా ఎగిరిపోకుండా అంచున పెట్టిన బండరాళ్లు అప్పటికీ కనిపించవు. వడ్లు తీసుకుపోయాక ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి, అది ఇంకో తంటా. నేను ఒకసారి పరదా మీదికే ఎక్కాను. నెమ్మదిగా పోతున్నాను కాబట్టి బండి పక్కకు ఒరిగిందంతే. కాపలాకు నులకమంచం మీద పడుకున్న పెద్దమనిషి లేచి, ముందు తన వడ్లు చూసుకుని, తర్వాత నన్ను లేపి, "దెబ్బ తాకిందా బిడ్డా" అన్నాడు. ఆ వరుస న్యాయమే అనిపించింది.

వానల్లో అసలే వద్దు. 2023 జులై చివర్లో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరునే ముంచింది. మన తిరుగు దారిలోనే ఉంటుంది ఆ వాగు. మే నెలలో రామగుండం పక్క రాత్రి పదింటికి కూడా రోడ్డు నుంచి సెగ కొడుతుంది.

మిగిలింది జనవరి చివర నుంచి మార్చి నడుమ దాకా. అందులో పున్నమికి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఇంకా మంచిది, వెన్నెలలో రోడ్డు అంచులు తెలుస్తాయి. మేడారం జాతర జరిగే ఏడు మాత్రం మాఘ పున్నమి చుట్టుపక్కల పది రోజులు మానుకోండి. కాటారం, భూపాలపల్లి దారులన్నీ అటు పోయే బండ్లతోనే నిండిపోతాయి.

ఏ దారిలో

హన్మకొండ నుంచి కాళేశ్వరానికి దగ్గరి దారి పరకాల, భూపాలపల్లి మీదుగా, సుమారు 115 కిలోమీటర్లు. ఆ దారిలో రాత్రి పోవద్దు. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, మలుపుల్లో ఒలికిన ఇసుక, భూపాలపల్లి దాటితే అడవి. దాన్ని తిరుగు ప్రయాణానికి, పగటి వెలుతురుకు దాచుకోండి.

పోయేటప్పుడు చుట్టు దారి. హన్మకొండ, హుజూరాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని, మంథని, కాటారం, మహదేవపూర్, కాళేశ్వరం. 220, 230 కిలోమీటర్ల దాకా అవుతుంది. దూరమెక్కువే, అయితే రాత్రి సగం ఊళ్లూ బంకులూ వెలుతురూ ఉన్న రోడ్డు మీద గడుస్తుంది. అడవి ముక్క తెల్లవారుజాముకు వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఒళ్లు అలసి ఉంటుంది కాబట్టి అప్పటికి దగ్గరి దారి మిగలాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చివరి వంద కిలోమీటర్లలో పడతారు.

బండి

ఏ బండైనా సరే, రోజూ నడిపే బండే అయితే చాలు. దోస్తు దగ్గర పెద్ద బండి అడుక్కుని పోవద్దు. దాని బ్రేకు మీ కాలికి తెలియదు.

ముందు రోజు పగటిపూట చేయాల్సినవి: టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడండి, గొలుసు వదులు సరిచేసి నూనె పట్టించండి, క్లచ్ కేబుల్ కొసలు పోగులు లేచాయేమో చూడండి. బ్రేక్ లైట్ వెలుగుతుందా లేదా పక్కవాళ్లనడిగి తెలుసుకోండి. ఒక ఫ్యూజు, ఒక ప్లగ్గు, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు వెంట ఉండాలి. ట్యూబు టైరైతే రాత్రి మీరు చేయగలిగింది పెద్దగా ఏం లేదు, దగ్గరి ఊరి దాకా తోయడమే.

హెడ్‌లైట్ సంగతి మాత్రం పట్టించుకోండి. ఎక్కువమంది బండ్లకు లైటు చెట్ల కొమ్మలకు కొడుతుంటుంది. గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, మీరు ఎక్కి కూర్చుని డిమ్ వేయండి. వెలుతురు పై అంచు లైటు ఎత్తుకంటే కొంచెం కిందికి పడాలి. సరిగ్గా ఉన్నా డిమ్‌లో మీకు కనిపించేది 40, 50 మీటర్లే. గంటకు 60 మీద పోతున్నప్పుడు చూసి, బ్రేకు వేసి, బండి ఆగేసరికి అంత దూరమూ అయిపోతుంది. కాబట్టి రాత్రి పై హద్దు 60. వెలుతురు లేని చోట 45. ఈ అంకెల మీద నాతో వాదించిన వాళ్లున్నారు. అందులో ఒకాయన మోకాలికి ఇప్పుడు స్టీలు ప్లేటు ఉంది.

ట్యాంకు హన్మకొండలోనే నింపండి, కరీంనగర్‌లో మళ్లీ నింపండి. సగం ఉంది కదా అనుకోవద్దు. మంథని దాటాక తెల్లవారకముందు బంకు మీద నమ్మకం పెట్టుకోలేం.

ఒంటి మీద

హెల్మెట్ అద్దం తెల్లదే ఉండాలి, నల్లద్దం రాత్రికి గుడ్డితనం. జాకెట్టు లేకపోతే పాత ఉపాయం ఒకటుంది. చొక్కాకూ స్వెటర్‌కూ నడుమ ఛాతీ మీద నాలుగు మడతలు పెట్టిన న్యూస్‌పేపర్ పెట్టుకోండి, గాలి లోపలికి రాదు. మెడకు మఫ్లర్ కట్టుకుంటే కొసలు లోపలికి దోపండి. గ్లౌజులు, మడమ కప్పే బూట్లు తప్పనిసరి, చెప్పులతో పోవద్దు.

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. అయినా ఫోన్ బ్యాటరీ అయిపోతే ఎట్లా అని నేను నకళ్లు కూడా పెట్టుకుంటాను. నగదు వెయ్యి రూపాయలు, అందులో పదులు, ఇరవైలు ఉండేట్టు చూసుకోండి. ఒక చీటీ మీద మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు రాసి జేబులో పెట్టుకోండి.

ఇంట్లో ఒక్కరికైనా దారి చెప్పి పోవాలి. "బయటికి పోతున్నా" అంటే చాలదు. "ఒంటిగంటకు కరీంనగర్, మూడుకు రామగుండం, ఏడుకు కాళేశ్వరం, మధ్యాహ్నానికి ఇంట్లో" అని చెప్పండి. ఆ మూడు చోట్ల నుంచి ఒక్కో మెసేజి. ఎనిమిదిన్నర దాకా కాళేశ్వరం మెసేజి రాకపోతే ఏం చేయాలో కూడా వాళ్లతో అనుకోండి. మా ఇంట్లో ఈ ఏర్పాటు వచ్చాకే నేను పోతానంటే ముఖం మాడ్చడం తగ్గింది.

బయల్దేరడం

ఆ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా పడుకోండి. నిద్ర రాకపోయినా లైటార్పి, ఫోన్ పక్క గదిలో పెట్టి కళ్లు మూసుకోండి. ఎనిమిదిన్నరకు తేలికగా తినండి. అన్నం కుంభం వేస్తే కరీంనగర్ లోపే కళ్లు వాలతాయి. పదిన్నరకు కదలండి.

పాటలు వద్దు. చెవిలో ఏమీ పెట్టుకోవద్దు. వెనక వచ్చే లారీ చప్పుడు, గొలుసు చప్పుడు, రోడ్డు పక్క కుక్కల అరుపు, ఇవన్నీ మీకు కావాల్సిన కబుర్లే.

హుజూరాబాద్ రోడ్డులో విస్తరణ పనులు నడుస్తున్నన్నాళ్లు డైవర్షన్ల దగ్గర జాగ్రత్త. రోడ్డు తిన్నగా పోతున్నట్టే ఉండి మట్టికట్ట అడ్డొస్తుంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు గీతలు ఉండవు, బడి, గుడి, బస్‌స్టాండ్ కనిపిస్తే ఉందనుకునే నెమ్మదించండి. వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఎదురైతే ఆశ్చర్యపోవద్దు, ఒక్కటైనా ఎదురవుతుంది.

ఎదురొచ్చే బండి ఫుల్ లైటు వేసుకుని వస్తుంటే దాన్ని చూడొద్దు. చూపు ఎడమ పక్క తెల్ల గీత మీద పెట్టి వేగం తగ్గించండి. మీరూ ఫుల్ లైటు కొట్టి పగ తీర్చుకుంటే గుడ్డివాళ్లు ఇద్దరవుతారు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆగినప్పుడల్లా ఫోన్ వెలుతురులోకి తొంగిచూస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మెసేజి పంపండి, మూసేయండి.

తోడు కావాలనిపిస్తే నెమ్మదిగా పోయే లారీని ఒకదాన్ని చూసుకుని వంద మీటర్లు వెనకగా పోండి. దాని ఎర్ర లైట్లు ఎగిరితే అక్కడ గుంత ఉందని, పక్కకు జరిగితే ఏదో అడ్డముందని మీకు ముందే తెలుస్తుంది. మరీ దగ్గరికి పోతే దుమ్మూ గుంతా రెండూ మీకే.

ఈ మొదటి డెబ్బై కిలోమీటర్లలో తలకాయ ఊరుకోదు. ఆఫీసులో అనాల్సింది అనలేకపోయిన జవాబు, అప్పు లెక్క, ఎవరో ఫోన్ పెట్టేసిన తీరు, అన్నీ వెనక సీటు మీదే కూర్చుని మాట్లాడుతుంటాయి. మాట్లాడనివ్వండి. తేల్చేద్దామని కూర్చోవద్దు. హెల్మెట్ లోపల నేను చాలాసార్లు పెద్దగా తిట్టాను, ఎవరికీ వినిపించదు. మానకొండూరు దాటి కరీంనగర్ లైట్లు కనిపించేసరికి సాధారణంగా మాటల మధ్య ఖాళీలు పెరుగుతాయి.

కరీంనగర్‌లో చాయ్, పెట్రోలు, ఒంటేలు, పది నిమిషాలు అటూ ఇటూ నడక. అక్కడ నుంచి రాజీవ్ రహదారి. రోడ్డు బాగుంటుంది, అదే ప్రమాదం, చేయి దానంతటదే 80కి పోతుంది. మీటరు చూసుకుంటూ ఉండండి. పెద్దపల్లి దాటి కొంత దూరం పోయాక రామగుండం ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు పొగగొట్టాల మీది ఎర్ర లైట్లు కనబడతాయి. ఎంతసేపు పోయినా దగ్గరికి రానట్టే ఉంటాయి. నాకైతే తలకాయ మౌనం అయ్యేది అక్కడే. ఎందుకని అడిగితే చెప్పలేను.

పోలీసులు ఆపితే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసి మాట్లాడండి. "ఎటు పోతున్నవ్ ఇంత రాత్రి?" అని అడుగుతారు. "కాళేశ్వరం సార్, పొద్దుగాల స్నానానికి" అంటే పొమ్మంటారు. "మనసు బాగాలేక ఊరికే" అని నిజం చెప్పిన రాత్రి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, పైగా ఆయన తన మనసు సంగతి కూడా చెప్పుకున్నాడు.

మూడింటి గండం

రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరుతుంది. ఎంత గట్టివాళ్లకైనా అంతే, సాయంత్రం పడుకున్నా అంతే. ఆవులింతల కంటే ముందు వచ్చే గుర్తులున్నాయి. దాటిన ఊరు ఏదో గుర్తురాదు. మెడ బరువెక్కుతుంది. గేరు మార్చామో లేదో అనుమానం వస్తుంది. రోడ్డు అంచున చెట్టు మనిషిలా కనిపిస్తుంది. ఒక్కటి కనిపించినా ఆగిపోవాల్సిందే. 60 మీద పోతూ మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 50 మీటర్లు మీరు లేకుండా పోతుంది.

ముఖం మీద నీళ్లు, పాన్, గట్టిగా పాడటం, ఇవన్నీ పది నిమిషాల మందులు. పనిచేసేది నిద్ర ఒక్కటే. అందుకే ఈ దారిలో రామగుండం రైల్వే స్టేషన్ పెట్టుకున్నాను. బండి స్టేషన్ ముందు వెలుతురులో పెట్టి, హ్యాండిల్ లాక్ వేసి, పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ తీసుకోండి, రెండు గంటలు చెల్లుతుంది. బెంచీ మీద బ్యాగు తల కింద పెట్టుకుని పడుకోండి. కాజీపేట, బల్లార్షా లైను కాబట్టి రాత్రంతా రైళ్లు పోతూనే ఉంటాయి, మనుషులు ఉంటారు. బంకు వెనకో కల్వర్టు మీదో పడుకోవడం కంటే నూరు రెట్లు నయం.

పడుకునే ముందు ఒక చాయ్ తాగండి. చాయ్ ఒంటికి పట్టడానికి అరగంట దాకా పడుతుంది, ఆ అరగంటా నిద్ర మీది. లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. ఇంకా తీరలేదనిపిస్తే ఇంకో గంట పడుకోండి, కాళేశ్వరం ఎక్కడికీ పోదు. అలారం పెట్టి ఫోన్ జేబులో కాదు, చొక్కా లోపల పెట్టుకోండి.

నాలుగింటికి గోదావరిఖని చౌరస్తాలోకి వస్తే ఊరు మేలుకునే ఉంటుంది. సింగరేణి షిఫ్టుల ఊరు, చాయ్ హోటళ్లకు రాత్రి పగలు తేడా తక్కువ. ఒకసారి నైట్ షిఫ్టు దిగిన ఒకాయన నా పక్కన నిలబడి చాయ్ ఊదుకుంటూ, నా హెల్మెట్ చూసి, "డ్యూటీకా బిడ్డా?" అన్నాడు. కాదు, ఊరికే తిరుగుతున్నా అన్నాను. కాసేపు చూసి, "నిద్ర ఉండి కూడా పడుకోవేంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అడవి ముక్క

ఖని నుంచి మంథని దాకా ఓపెన్ కాస్టు బొగ్గు గనుల పక్కనే పోతాం. బొగ్గు పొడి పడ్డ చోట టైరు జారుతుంది, బ్రేకు ఒక్కసారిగా పట్టొద్దు. మంథని దాటి మానేరు వంతెన ఎక్కేసరికి చలి ఒక్కసారి పెరుగుతుంది, అక్కడ పొగమంచు ఉంటే తగ్గేదాకా ఆగండి. తొందర దేనికి.

వంతెన తర్వాత తూర్పు తెల్లబడటం మొదలైతే మీ లెక్క సరిగ్గా కుదిరినట్టు. ఇంకా చీకటే అయితే మంథనిలోనే పావుగంట ఆగాల్సింది. కాటారం, మహదేవపూర్ దారి మీద అడవి పందులు గుంపుగా దాటతాయి, ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయనే లెక్క. మేతకు పోయే బర్రెలు రోడ్డు మన కోసం వేశారని అనుకోవు. 40 మీద పోండి, హారన్ వద్దు. ఇక్కడ హెల్మెట్ అద్దం పైకెత్తితే ఆకుల వాసన, కట్టెల పొగ వాసన తగులుతాయి. నేను రాత్రంతా పోయేది ఈ ముప్పై కిలోమీటర్ల కోసమే.

కాళేశ్వరంలో

ముందు ఇంటికి మెసేజి. తర్వాత నది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, కనిపించని సరస్వతితో కలిపి త్రివేణి అంటారు. మెట్ల దగ్గరే మునగండి, నడుము లోతు దాటొద్దు. రాత్రంతా బండి నడిపిన కాళ్లు నీళ్లలో పట్టు తప్పుతాయి, ఇసుక అడుగున గుంతలు పైకి తెలియవు. చలికి వణుకుతుంటే మునగకపోయినా పాపం లేదు, కాళ్లు కడుక్కుని కూర్చోండి.

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. రాత్రి బండి మీద వచ్చినవాళ్లు ముందు మొదటాయనకు దండం పెట్టుకోవడం మర్యాద.

దర్శనం అయ్యాక గోదావరి మీది వంతెన దాకా పోయి నిలబడొచ్చు, అవతల మహారాష్ట్ర సిరోంచ. అంతకు మించి చూడాల్సినవి ఇప్పుడు వద్దు. తిని, నీడలో రెండు గంటలు పడుకోండి. ఈ నిద్ర ఎగ్గొడితే పైన చెప్పిందంతా వృథా.

తిరుగు దారి

పదింటికి బయల్దేరితే మహదేవపూర్, కాటారం, భూపాలపల్లి, పరకాల. ఇసుక లారీల వెనక ఓపిక పట్టండి, వాటిని దాటడానికి కుడిపక్కకు వచ్చినప్పుడే ఎదురుగా టిప్పరు వస్తుంది. పగటి నిద్ర మత్తు దారిలో ఒకసారి కొడుతుంది, పదకొండు, పన్నెండు మధ్య భూపాలపల్లి వస్తుంది, అక్కడ దిగి అరగంట. చేల్పూరు థర్మల్ ప్లాంటు దాటితే పరకాల, ఆత్మకూరు, ఇగ ఇల్లే. చివరి ఇరవై కిలోమీటర్లు చేరిపోయామనే ధీమాతో తోలతాం, అక్కడ మీటరు ఇంకోసారి చూడండి.

దారిలో ఏదైనా అయితే 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీదైతే 1033.

ఇంటికొచ్చాక ఆ రోజు ఎవరికీ ఫోన్ చేయొద్దు, తేల్చుకున్న ముచ్చట్లు చెప్పొద్దు. తలుపేసుకుని పడుకోండి. లేచాక బండి గొలుసు కిరోసిన్ గుడ్డతో తుడవండి, బొగ్గు పొడీ ఇసుకా కలిసి పట్టి ఉంటాయి, అట్లే వదిలేస్తే నెలలో పళ్లు అరిగిపోతాయి. తుడిచి, నూనె పెట్టి, చక్రం చేత్తో నాలుగు తిప్పులు తిప్పండి. చప్పుడు లేకుండా తిరగాలి.